వారంగా విరేచనం లేని అమ్మకు ఇంట్లోనే ఎనిమా ఇవ్వవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకు 74 ఏళ్లు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక రెండు నెలలుగా మంచంలోనే ఉంది. నొప్పికి ట్రమడాల్, దాంతో పాటు ఐరన్, క్యాల్షియం మాత్రలు వాడుతోంది. మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్షలో క్రియాటినిన్ కొంచెం ఎక్కువగా ఉంది. వారంగా విరేచనం కాలేదు గానీ, రెండు రోజులుగా బట్టల్లోనే నీళ్లలా కొద్దికొద్దిగా అవుతోంది. విరేచనాలు ఆగే మాత్ర వేయాలా? మెడికల్ షాపులో ఇచ్చిన, మలద్వారం గుండా ఎక్కించే ఎనిమా మందు సీసా వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, గుంతకల్లు

జవాబు: అమ్మా, మీ అమ్మగారికి అవుతున్నవి నిజమైన నీళ్ల విరేచనాలు కాకపోవచ్చు. రోజుల తరబడి నిలిచిపోయిన మలంలోని నీటిని పేగు పీల్చుకోవడంతో అది రాయిలా గట్టిపడి దారికి అడ్డం పడుతుంది. దాని వెనుకనున్న పలుచని మలం పక్కల నుంచి జారి, మనిషికి తెలియకుండానే కారుతుంది. ఆపే మాత్ర వేస్తే లోపలి గడ్డ మరింత బిగుస్తుంది కనుక దయచేసి వేయకండి.

ఆ సీసాను కూడా పక్కన పెట్టండి. షాపుల్లో దొరికే చిన్న ఎనిమా సీసాల్లో చాలావాటిలో సోడియం ఫాస్ఫేట్ ఉంటుంది. వృద్ధుల్లో, అందునా మూత్రపిండాలు నీరసించిన వారిలో, ఆ మందు బయటికి రాకుండా లోపలే ఉండిపోతే రక్తంలో ఫాస్ఫేట్ పెరిగి, క్యాల్షియం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. రేపటికి వాయిదా వేయకుండా ఈరోజే దగ్గరి ఆసుపత్రిలో చూపించండి. వాంతులు, కడుపు ఉబ్బరం, తీవ్రమైన నొప్పి, రక్తం పడటం, గాలి కూడా పోకపోవడం వంటివేవైనా ఉంటే పేగు మూసుకుపోయిందేమోనని అనుమానించాలి. అప్పుడు ఏ ఎనిమా, ఏ విరేచన మందూ ఇవ్వకుండా 108కి ఫోన్ చేయండి.

డాక్టర్ చేతితో పరీక్షించి, నూనె ఎనిమాతో గడ్డను మెత్తబరచడమో, అవసరమైతే వేలితో తీయడమో చేస్తారు. అలా తీసేటప్పుడు గుండె వేగం హఠాత్తుగా తగ్గే ప్రమాదం ఉంది కనుక ఇంట్లో ప్రయత్నించవద్దు. తర్వాతెప్పుడైనా డాక్టర్ సూచనపై నర్సు ఇంట్లో ఎనిమా ఇస్తే, పెద్దపేగు చివరి వంపు ఎడమవైపు ఉంటుంది కనుక ఎడమపక్కకు తిప్పి పడుకోబెడతారు. అయితే తుంటి ఆపరేషన్ అయింది కాబట్టి కాలు ఎంతవరకు మడవవచ్చో ముందే సర్జన్‌ను అడగాలి. నీళ్లు గోరువెచ్చగానే ఉండాలి, గొట్టాన్ని బలవంతంగా తోయకూడదు, కడుపులో మెలిపెడితే వెంటనే ఆపాలి. సబ్బు నీళ్లు పేగు లోపలి పొరను రేపుతాయి కనుక నేను సిఫారసు చేయను.

గడ్డ పోయాకే జొన్నరొట్టె, ఆకుకూర పప్పు పెంచండి. అది ఉండగా పీచు పెంచితే ఇబ్బంది ఎక్కువవుతుంది. ఇసబ్‌గోల్ కూడా సరిపడా నీళ్లు తాగని వారికి తగదు. పదే పదే లేపి కూతురిని కష్టపెట్టడం ఇష్టం లేక మంచంలో ఉన్న తల్లులు నీళ్లు తగ్గించుకుంటారు. మీ అమ్మగారు రోజుకు ఎంత తాగుతున్నారో గమనించి, మూత్రపిండాల దృష్ట్యా ఎంత తాగవచ్చో డాక్టర్‌ను అడగండి. ట్రమడాల్, ఐరన్, క్యాల్షియం మూడూ మలబద్ధకాన్ని పెంచేవే. మీరుగా మానేయకుండా, వాటిని మార్చడం గురించి, మలాన్ని మెత్తబరిచే మందు గురించి అడగండి.

ఉదయం టిఫిన్ తిన్న అరగంటలోపు పేగు కదలిక ఎక్కువగా ఉంటుంది. సర్జన్ అనుమతిస్తే అప్పుడు ఎత్తైన కమోడ్ కుర్చీలో, పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెట్టండి. తలుపు వేసి, చుట్టాలను గది బయటికి పంపండి. నలుగురి మధ్య బెడ్‌పాన్ పెడితే ఆ సిగ్గుకే వచ్చే విరేచనం కూడా ఆగిపోతుంది. ఏ రోజు ఎలా అయిందో రాసి పెట్టుకుని, ఇకపై మూడు రోజులు కాకపోతే నాలుగో రోజు కోసం చూడకుండా డాక్టర్‌కు చెప్పండి.