పైపులో ఖాళీ ఉంది కదా అని

నాన్నా,

పర్లాకిమిడి ఇంట్లో మేడ మీద గదికి నెట్ నువ్వే లాగుతున్నావని అమ్మ ఫోన్‌లో చెప్పింది. మావయ్య చేతి పని మేనల్లుడికి వచ్చిందని మురిసిపోయాను. అంతలోనే, "పాత కరెంటు పైపులోంచే వైరు తోసేస్తాడట" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ప్లగ్గుల్లోంచి నెట్ పంపే అడాప్టర్లు ఉన్నాయిగా అంటావు. ఉన్నాయి. కానీ అక్కడ కింద ఒక ఫేజు, మేడకి ఇంకొకటి. నేనే విడదీశాను. ఫేజు మారితే సిగ్నల్ సరిగ్గా అందదు. తెచ్చి చూస్తానంటే గోడ సాకెట్‌లోనే పెట్టు, స్పైక్ బస్టర్‌లో వద్దు. డబ్బా మీద రాసిన స్పీడు మాత్రం నమ్మకు.

ఇక పైపు సంగతి. 1996లో వరల్డ్ కప్‌కి ముందు ఇంటికి కేబుల్ కనెక్షన్ తీసుకున్నాం. పైపులో ఖాళీ ఉంది కదా అని కేబుల్ వైరుని కరెంటు వైర్ల పక్కనే జీఐ ఇనప తీగతో లాగేశాను. మలుపు దగ్గర బిగుసుకుంటే కాలు గోడకి తన్నిపెట్టి మరీ లాగాను. వచ్చేసింది. లోపల పాత వైరు తొడుగు గీరుకుపోయిందని, కేబుల్ తొడుగూ చీరుకుపోయిందని నాకేం తెలుసు? ఫ్యూజు పోలేదు, బొమ్మ వచ్చింది, వీధంతా మనింట్లోనే.

మూడో రోజు బొమ్మ గీతలు పడుతోందని మీ అమ్మ పీటెక్కి టీవీ వెనకాల కేబుల్ పిన్ను కదిపింది. అంట్లు తోముతూ వచ్చింది, చేతులు తడి. ఒక్క కేక. వెనక్కి పడింది. పీట చెక్కది కాబట్టి దక్కింది. టెస్టర్ పెడితే ఆ పిన్ను మీద ఎర్రగా వెలిగింది. తాతయ్యకి మాత్రం "పీట జారింది" అని చెప్పింది, నన్ను తిడతారని. ఆవిడ కుడి చూపుడువేలు కొసన చిన్న మచ్చ చూశావా? నూనె చిందిందని నీకు చెప్పి ఉంటుంది.

కాబట్టి తిట్టినా సరే వినరా. మెట్ల పక్క గోడకి వేరే ప్లాస్టిక్ పట్టీ కొట్టి, దాంట్లో క్యాట్ 6 అనే నెట్ వైరు తీసుకెళ్ళు. అసలు రాగిదే కొను, రాగి పూత వేసిన అల్యూమినియం అంటగడతారు. కరెంటు వైరుకి ఎడంగా ఉంచు, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించు. డాబా మీదుగా బయటినుంచి మాత్రం వద్దు, మన వైపు పిడుగులు నీకు తెలియనివి కావు.

శనివారం గుణుపూర్ నుంచి పొద్దున్న రైలుకి వస్తాను. టెస్టర్ నాదే తెస్తాను. అప్పటిదాకా బోర్డు విప్పకు. వచ్చేసరికి ఎర్తు గుంటలో రెండు బిందెల నీళ్ళు పోసి ఉంచు. మచ్చ గురించి అమ్మని అడగకు.

నీ మావయ్య