నడుముకు స్క్రూలు, మోకాలికి మార్పిడి: మా ఇంట్లో ఏది నయమైంది, ఎంతయింది

మీరడిగింది ఇదీ: నాన్నగారికి 63 ఏళ్ళు, నాలుగు నెలలుగా నడుం నొప్పి, ఎంఆర్ఐలో ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్ (నడుం కింది పూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ళ ఉబ్బడం) అని వచ్చింది, స్క్రూలు వేసి బిగించాలంటున్నారు. అమ్మగారికి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఇద్దరికీ చేయిస్తే ఎంతవుతుంది, నిజంగా నయమవుతుందా అని.

నేను డాక్టర్ని కాను. 2019లో నాకు ఎల్5-ఎస్1, అంటే దాని కింది డిస్క్, ఆపరేషన్ అయింది. 2022లో మా అమ్మకు కుడి మోకాలు మార్పించాం. మా బాబాయికి నడుంలో స్క్రూలు ఉన్నాయి. ముందుగా ఒక మాట: మీ అమ్మగారి సమస్యనూ నాన్నగారి సమస్యనూ ఒకే గాటన కట్టకండి. మోకాలు నిజంగా అరిగిపోయినవాళ్ళలో ఎక్కువమందికి మార్పిడి మేలే చేస్తుంది. ఉత్త నడుం నొప్పికి స్క్రూలు వేయడం మీద మాత్రం డాక్టర్లకే ఒక మాట లేదు.

నా సంగతి చెప్తాను. నా నొప్పి నడుంలో తక్కువ, కాల్లో ఎక్కువ. పిరుదు దగ్గర మొదలై తొడ వెనక నుంచి పిక్క మీదుగా చిటికెనవేలి దాకా కరెంటు తీగ పెట్టినట్టు లాగేది. తుమ్మితే ప్రాణం పోయేది. మొదట చూపించిన చోట ఎంఆర్ఐ రిపోర్టు చదివి "రేపు అడ్మిట్ అయిపోండి" అన్నారు. భయపడి ఇంకొకరి దగ్గరికి వెళ్ళాను, పెద్దాయన. ఆయన రిపోర్టు పక్కన పెట్టి, గోడ పట్టుకుని ఒంటికాలి మునివేళ్ళ మీద పదిసార్లు లేవమన్నారు. కుడి కాలితో పది. ఎడమ కాలితో కూడా పది వచ్చాయి, కాస్త తంటాలు పడి. "బలం ఉంది, ఆరు వారాలు ఆగుదాం" అన్నారు. బయటికి జారిన డిస్క్ గుజ్జును శరీరమే మెల్లగా కరిగించుకుంటుందనీ, చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో కత్తి పెట్టకుండానే తగ్గిపోతుందనీ ఆయన చెప్పేదాకా నాకు తెలియదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పారు. మూత్రం రాకపోయినా, తెలియకుండా పోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా అర్ధరాత్రి అని చూడకుండా ఎమర్జెన్సీకి రమ్మన్నారు. వెన్ను చివర ఉండే నరాల కట్ట నొక్కుకుపోతే గంటల లెక్కన పని జరగాలి, ఆలస్యమైతే పోయింది తిరిగి రాదు. ఇది మీ నాన్నగారికీ చెప్పి ఉంచండి. మగవాళ్ళు ఇలాంటివి సిగ్గుపడి దాచేస్తారు.

అయిదో వారంలో నా ఎడమ కాలు మునివేళ్ళ మీద మూడుసార్లకు మించి లేవలేదు. పెద్దాయన ఈసారి ఆగమనలేదు. అంగుళం కోత, జారిన ముక్క తీసేశారు, మర్నాడు సాయంత్రం ఇంటికి. అప్పటి బిల్లు 1,35,000. మత్తు దిగాక కాలు చాపుకుంటే ఆ కరెంటు లేదు! నిజంగా ఏడ్చాను. కానీ చిటికెనవేలి దగ్గర మొద్దుబారడం ఈ రోజుకీ ఉంది, చెప్పు జారిపోయినా తెలియదు. రెండు గంటలు కారు నడిపితే నడుం పట్టేస్తుంది. ఆపరేషన్‌కి ముందే ఆయన అన్నారు, "ఇది నీ కాలి నొప్పికి చేసేది, నడుం నొప్పికి కాదు" అని. ఆ మాట నాకు అప్పుడు సరిగా ఎక్కలేదు.

ఈ డిస్క్ ఆపరేషన్లోనూ రిస్కులున్నాయి. నరాల చుట్టూ ఉండే పొర చిరిగి నీరు కారవచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు. నూటికి అయిదు నుంచి పదిహేను మందికి అదే చోట మళ్ళీ జారుతుందని సంతకాలప్పుడు చెప్పారు. అందుకే మొదటి మూడు నెలలు నేను బిందె ఎత్తలేదు, పిల్లాణ్ణి ఎత్తుకోలేదు.

ఇక బాబాయి. ఆయనది మీ నాన్నగారి కేసులాంటిదే. కాల్లోకి నొప్పి లేదు, తిమ్మిరి లేదు, ఉన్నదల్లా నడుం నొప్పి. ఎంఆర్ఐలో "అరుగుదల, బల్జ్" అని రాగానే ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. రెండో అభిప్రాయం తీసుకుందామని నేనంటే, తెలిసిన డాక్టరే కదా అన్నారు. నాలుగు స్క్రూలు, రెండు రాడ్లు, 3,90,000. ఆరు నెలలు బాగానే ఉన్నాడు. తర్వాత అదే నొప్పి, అదే చోట. మూడేళ్ళకు పై డిస్క్ కూడా పాడైంది. ఒక చోట కదలకుండా బిగించేస్తే ఆ పని భారం పక్క పూస మీద పడుతుంది కదా. ఇప్పుడాయన పండక్కి వస్తే మంచం మీద నుంచి లేవడానికి మనిషి సాయం కావాలి. ఆపరేషన్ చెడిపోయిందని కాదు, ఎక్స్‌రేలో స్క్రూలన్నీ చక్కగానే ఉన్నాయి. నొప్పి అసలు ఆ డిస్క్ వల్ల వచ్చిందో లేదో ఎవరూ తేల్చలేదు, అంతే.

బల్జ్ అన్న మాటకు అంత భయపడక్కర్లేదని తర్వాత తెలిసింది. నొప్పే లేనివాళ్ళకు తీసిన స్కాన్లను కలిపి చూసిన ఒక పరిశీలన 2015లో వచ్చింది. ఇరవై ఏళ్ళవాళ్ళలో నూటికి 30 మందికి, ఎనభై ఏళ్ళవాళ్ళలో 84 మందికి బల్జ్ ఉంది. అంటే అది తల నెరవడం లాంటిది చాలాసార్లు.

స్క్రూలు అసలు వద్దని కాదు. ఒక పూస మరో పూస మీద జారిపోయినప్పుడు, పూస విరిగి కుదురు తప్పినప్పుడు, టీబీ లాంటిది పూసను తినేసినప్పుడు వేయక తప్పదు. అందుకని మీ డాక్టర్ని ఒకటే అడగండి: "పూస కదులుతోందా?" ముందుకు వంగి ఒకటి, వెనక్కి వంగి ఒకటి ఎక్స్‌రే తీస్తే అది బయటపడుతుంది. ఖర్చు కొద్ది వందలే. బాబాయికి అదీ తీయలేదు. ఇంకోటి, నాన్నగారు నాలుగడుగులు నడిస్తే కాళ్ళు లాగి, కూర్చున్నా ముందుకు వంగినా తగ్గుతుందా? నడవలేని మనిషి సైకిల్ మాత్రం హాయిగా తొక్కగలుగుతున్నారా? అలాగైతే నరాల దారి ఇరుకైంది. దానికి ఆ ఇరుకు తొలగిస్తే చాలామందికి సరిపోతుంది, ప్రతిసారీ స్క్రూలు అక్కర్లేదు. ఇవేవీ లేకపోతే మాత్రం ఎంఆర్ఐ రిపోర్టు కాగితం కాదు, సీడీ పట్టుకుని వేరే ఆసుపత్రిలో ఇంకో వెన్నుపూస సర్జన్‌కి చూపించండి. మొదటివారు ఏమన్నారో ముందుగా చెప్పకండి.

అమ్మగారి సంగతికి వస్తాను.

మా అమ్మ మోకాలికి నూనెలు, పట్టీలు, గుజ్జు ఇంజక్షన్లు అంటూ రెండేళ్ళు గడిపాం. దొడ్డికాళ్ళు వచ్చేశాయి. ఎక్స్‌రేలో ఎముక ఎముకను ఆనుకుని ఉంది. అయినా ఆమె ఒప్పుకోలేదు. శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతం కుర్చీలో కూర్చుని చేసుకోవాల్సి వచ్చిన రోజున "ఇక కోయించెయ్యండిరా" అంది. రాత్రిపూట నిద్ర పట్టనివ్వని నొప్పి, ఎక్స్‌రేలో ఆ అరుగుదల, రెండూ ఉంటేనే చేయించుకోవాలని నా లెక్క. ఊరికే ఎక్స్‌రే చూసి చేయించకూడదు.

ఆమెకు షుగర్. మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 8.9 వస్తే సర్జన్ వాయిదా వేశారు. 7.3కి దింపడానికి రెండు నెలలు పట్టింది. ఈలోపు పుచ్చుపన్ను పీకించారు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూశారు. పంటికీ మోకాలికీ ఏం సంబంధమని అమ్మ గొణిగింది. సంబంధం ఉంది. ఒంట్లో ఎక్కడున్న క్రిమి అయినా రక్తంలోంచి వెళ్ళి మోకాల్లో వేసిన లోహం మీద కూర్చుంటే మందులకు లొంగదు. తీసేసి, శుభ్రం చేసి, మళ్ళీ వేయాలి, ఖర్చు తడిసి మోపెడవుతుంది. నూటికి ఒకరిద్దరికి ఇలా అవుతుంది. కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డ కట్టడం ఇంకో భయం. దానికే రక్తం పలచబరిచే మందు ఇచ్చి, రెండో రోజే వాకర్‌తో నడిపించారు.

ఆపరేషన్ కన్నా తర్వాతి ఆరు వారాలు కష్టం. ఇది ఎవరూ గట్టిగా చెప్పరు. తొమ్మిదో రోజు ఇంటికొచ్చిన ఫిజియో కుర్రాడు అమ్మను మంచం అంచున కూర్చోబెట్టి, మడమ పట్టుకుని వెనక్కి తోస్తూ ప్లాస్టిక్ కొలబద్ద పెట్టి కోణం చూశాడు. 62 డిగ్రీలు. "అమ్మా, రెండు వారాలకి తొంభై రావాలి" అన్నాడు. అమ్మ దుప్పటి గుప్పిట్లో బిగించి, "నీ ఇంట్లో తల్లి లేదట్రా" అని తిట్టింది. వాడు నవ్వుతూ ఇంకో రెండు డిగ్రీలు తోశాడు. నేను వరండాలోకి వెళ్ళిపోయాను, చూడలేక. ఆ రాత్రి "ఎందుకు చేయించార్రా నాకిది" అని ఏడ్చింది. మూడో నెలలో సంచి పట్టుకుని రైతుబజారుకి తనే వెళ్ళొచ్చింది. ఇప్పుడు 112 డిగ్రీలు వంగుతుంది, రాత్రి నొప్పి పూర్తిగా పోయింది.

పోయినవీ ఉన్నాయి. కింద కూర్చోవద్దన్నారు. కత్తిపీట అటకెక్కింది. చాకుతో కోస్తే వంకాయకి రుచి రాదని రోజూ సణుగుడే. కోత పక్కన అరచేయంత మేర స్పర్శ లేదు. మెట్లు దిగేటప్పుడు లోపల టక్ మంటుంది. ఏడాది దాకా మోకాలు వెచ్చగా ఉండేది. ఇవి మామూలేనట, కానీ ముందే తెలిసి ఉంటే అంత బెంబేలు పడేవాళ్ళం కాదు. నూటికి పది నుంచి ఇరవై మంది మార్పిడి తర్వాత కూడా తృప్తిగా ఉండరని చదివాను. మరోవైపు, 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం పూర్తి మోకాలి మార్పిడుల్లో దాదాపు 82 శాతం 25 ఏళ్ళు నిలుస్తాయి. అరవై దాటిన మనిషికి అది చాలు.

డబ్బు విషయం. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల (లోపల వేసే కృత్రిమ కీలు) ధరకు గరిష్ఠ పరిమితి పెట్టింది. ఎక్కువమందికి వేసే కోబాల్ట్ క్రోమియం రకం అప్పుడు 54,720 రూపాయలు, జీఎస్టీ అదనం. అంతకుముందు అదే సరుకు లక్షన్నర దాకా కూడా వేసేవారు. కాబట్టి బిల్లు పెరిగేది ఇంప్లాంట్ దగ్గర కాదు, మిగతా చోట్ల. మాకు ప్యాకేజీ 2,05,000 అన్నారు, చివరికి 2,58,000 అయింది. ప్యాకేజీలో ఏవి లేవో కాగితం మీద రాయించుకోకపోవడం నా తప్పు. డిశ్చార్జ్ ఫైల్లో ఇంప్లాంట్ స్టిక్కర్లు అంటించి ఉండాలి, నంబర్లతో సహా. అవి ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఇన్సూరెన్స్ దగ్గర ఇంకా పెద్ద దెబ్బ తిన్నాం. మూడు లక్షల పాలసీ, గది అద్దె పరిమితి రోజుకు అందులో ఒక శాతం, అంటే 3,000. మేం తీసుకున్న గది 5,000. తేడా రెండు వేలే కదా, నాలుగు రోజులకు ఎనిమిది వేలు మన జేబులోంచి పెట్టుకుందాం అనుకున్నాను. కానీ అలా లెక్కకట్టరు. థియేటర్, సర్జన్, మత్తు డాక్టర్ ఫీజులు కలిపి 1,40,000లోనూ అదే నిష్పత్తిలో 40 శాతం కోశారు. అక్కడే 56,000 పోయింది. ఇంప్లాంట్, మందుల జోలికి రాలేదు. గ్లౌజులు, ఆపరేషన్‌లో కప్పే గుడ్డల్లాంటి సామాను 23,000 పాలసీలో లేదన్నారు. మొత్తం మా చేతి నుంచి 87,000. ఇంటికొచ్చాక ఫిజియోకి 36 రోజులు, రోజుకు 500. వెస్టర్న్ కమోడ్, గోడకు పట్టుకునే రాడ్లు వేరే. అమ్మగారికి పాలసీ ఉంటే కీళ్ళ మార్పిడికి వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక ఆగాల్సిన కాలం) చూడండి, చాలావాటిలో రెండేళ్ళు, కొన్నిట్లో మూడు. ఆరోగ్యశ్రీ లాంటి కార్డు ఉంటే, ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రనే నేరుగా అడగండి, కౌంటర్లో అడిగితే పక్కదారి పట్టిస్తారు.

రోబో సాయంతో ఆపరేషన్ అంటే అదనంగా అరవై వేలు అడిగారు, వద్దన్నాం. ఎముకను కొలత ప్రకారం కోయడానికి అది పనికొస్తుంది, కానీ పదేళ్ళ తర్వాత మనిషి నడకలో దానివల్ల పెద్ద తేడా ఉంటుందని ఇంకా తేలలేదు. ఆ డబ్బు ఫిజియోకి పెట్టడం మేలు. రెండు మోకాళ్ళూ ఒకేసారి చేయిస్తే ఖర్చు తగ్గుతుందని మీకూ చెబుతారు. నిజమే, ఒకే మత్తు, ఒకే గది. కానీ గుండె మీద భారం ఎక్కువ. బీపీ, షుగర్ ఉన్న అమ్మకు మా సర్జన్ ససేమిరా అన్నారు.

అమ్మ ఎడమ మోకాలు ఇప్పుడు మొదటిదాని దశకే వచ్చింది. సంక్రాంతి వెళ్ళాక చేయించుకుంటానంటోంది, అడగకుండానే. ఫిజియోకి మాత్రం వేరేవాణ్ణి చూడమంటోంది.