క్లైమేట్ మోడలింగ్‌కి ఎంసీఏనా, ఎమ్మెస్సీనా?

ప్రశ్న: బీఎస్సీ (మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్) రెండో సంవత్సరం చదువుతున్నాను. సూపర్ కంప్యూటర్లతో క్లైమేట్ మోడలింగ్ చేయాలని ఉంది. కోడింగ్ ఓ మోస్తరుగా వచ్చు. పీజీలో ఏం తీసుకోవాలి? ఏఐ వచ్చాక ఈ రంగం ఉంటుందా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఎమ్మెస్సీకే వెళ్లండి. ఫిజిక్స్, అప్లైడ్ మ్యాథ్స్, అట్మాస్ఫియరిక్ సైన్స్, ఓషనోగ్రఫీ, ఏదైనా ఫర్వాలేదు. కోడింగ్ పని చేస్తూ పట్టుబడుతుంది. గాలి, నీటి కదలికల ఈక్వేషన్లు అలా రావు, క్లాసులో కూర్చుని కుస్తీ పట్టాల్సిందే.

మోడల్ చేసే పని చూస్తే ఇలా ఎందుకు అంటున్నానో తెలుస్తుంది. అది గాలినీ సముద్రాన్నీ పొరలుగా, ఒక్కో పొరను గళ్లుగా విడగొడుతుంది. ప్రతి గడిలో ఉష్ణోగ్రత, పీడనం, తేమ, గాలి వేగం లెక్కగట్టి, కొన్ని నిమిషాలు ముందుకు జరిగి మళ్లీ లెక్కిస్తుంది. అలా వందేళ్లు. చాలా మోడళ్లలో గడి వెడల్పు దాదాపు 100 కిలోమీటర్లు. దాన్ని 50కి తగ్గిస్తే గళ్లు 4 రెట్లవుతాయి. కాలాన్నీ సగం సగం అడుగులుగా నడపాలి, లేకపోతే లెక్క అదుపు తప్పుతుంది. మొత్తం పని 8 రెట్లు! ఎంత పెద్ద మెషిన్ వచ్చినా చాలకపోవడం ఇందుకే.

అంత పెద్ద గడిలో కిలోమీటరు వెడల్పు మేఘం కనిపించనే కనిపించదు. దాని ప్రభావాన్ని ఎవరో ఒకరు సూత్రంగా రాసిపెట్టాలి. మోడళ్ల ఫలితాలు ఒకదానికొకటి తేడా రావడానికి పెద్ద కారణం ఈ మేఘాలే. ఫిజిక్స్ పట్టుంటే చిన్న మెషిన్‌తోనూ ఎంత సాధించవచ్చో చూడండి. వాతావరణ శాస్త్రవేత్త సుకురో మనాబే 1967లో తోటి శాస్త్రవేత్త వెదరాల్డ్‌తో కలిసి గాలిని ఒకే నిలువు స్తంభంగా తీసుకుని, కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే సుమారు 2 డిగ్రీలు వేడెక్కుతుందని తేల్చారు. వాళ్ల కంప్యూటర్ మీ ఫోన్ ముందు ఏ మూలకూ రాదు. 2021లో మనాబేకి ఫిజిక్స్ నోబెల్ వచ్చింది.

కోడింగ్‌లో లైనక్స్, పైథాన్, ఫోర్ట్రాన్ చాలు. ఫోర్ట్రాన్ పాతకాలపు ప్రోగ్రామింగ్ భాషే, అయినా పాత చింతకాయ పచ్చడి అని తీసిపారేయకండి, పెద్ద మోడళ్లలో చాలావరకు ఇప్పటికీ అదే. తర్వాత ఎంపీఐ, అంటే ప్రాసెసర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి. వేల ప్రాసెసర్లు భూగోళాన్ని ముక్కలుగా పంచుకుని, సరిహద్దు విలువలను ఇచ్చిపుచ్చుకునేది దానితోనే. మీకు ఈ మెషిన్ పనే ఎక్కువ నచ్చితే మాత్రం ఎంసీఏ తప్పు కాదు.

ఏఐ సంగతి. గూగుల్ డీప్‌మైండ్ వారి గ్రాఫ్‌కాస్ట్ 10 రోజుల వాతావరణాన్ని నిమిషంలోపే చెబుతుంది, నిజమే. అయితే అది పాత రికార్డులు చూసి నేర్చుకున్నది. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైన లోకానికి రికార్డులెక్కడివి? అక్కడ ఫిజిక్సే దిక్కు. మెషిన్ లెర్నింగ్ నేర్చుకోండి, దాన్నే నమ్ముకోకండి.

ఇంట్లోవాళ్లకు ముందే చెప్పాల్సిన మాట: ఇక్కడ ఉద్యోగాలు తక్కువ, ఎక్కువగా పరిశోధన సంస్థల్లోనే. పీహెచ్‌డీ దాదాపు తప్పదు.

ఈ సెలవుల్లో పైథాన్‌లో ఒక చిన్న లెక్క చేయండి. చదరపు మీటరుకు 1361 వాట్ల ఎండ, గుండ్రటి భూమంతటా సర్దితే సగటున అందులో నాలుగో వంతు, దానిలో 30 శాతం వెనక్కి. గాలి లేదనుకుంటే భూమి సగటు ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీలు వస్తుంది. అసలుది సుమారు 15. ఎండను వదిలేసి, నేల నుంచి వచ్చే వేడిని పూర్తిగా పీల్చే ఒక గాలి పొర చేర్చి చూడండి, ఈసారి 30 వస్తుంది. ఎందుకు ఎక్కువైందో రెండు పేజీలు రాసి, కోడ్‌తో కలిపి ఎమ్మెస్సీ ఇంటర్వ్యూకి పట్టుకెళ్లండి.