ట్యూనర్లు రెండు, తీగ ఒక్కటి

ప్రశ్న: విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మూడంతస్తుల ఇంటి కింది వాటాలో ఉంటున్నాము. డాబా మీద డీడీ ఫ్రీ డిష్ కోసం పెట్టిన 60 సెంటీమీటర్ల డిష్ ఉన్నది. ఒక కార్యక్రమం రికార్డవుతూ ఉండగా మరొకటి చూడవచ్చునని దుకాణదారు చెప్పగా, రెండు ట్యూనర్ల రిసీవర్ కొన్నాను. పాత వైరునే దానికి తగిలించాను. రికార్డింగ్ మొదలైన తరువాత కొన్ని ఛానళ్లు మామూలుగానే వస్తున్నాయి, కొన్నింటికి మాత్రం సిగ్నల్ లేదని చూపుతున్నది. రిసీవర్‌ను మార్పించుకోవాలా?

జవాబు: మార్పించుకోనక్కరలేదు. కొన్ని వస్తున్నాయి, కొన్ని రావడం లేదు అని మీరు రాయడంతోనే కారణం చాలావరకు తెలిసిపోతున్నది. ట్యూనర్ ఒక్కొక్క ఛానల్‌ను విడిగా పట్టుకొంటుందని చాలామంది అనుకొంటారు గాని, అది పట్టుకొనేది ఒక ట్రాన్స్‌పాండర్‌ను, అంటే అనేక ఛానళ్లను ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలిపి పంపే ఉపగ్రహ ప్రసార మార్గాన్ని, మొత్తంగా. మీ రిసీవర్ మెనూలో కనిపించే ఇలాంటి ట్రాన్స్‌పాండర్ ఒక్కటే సెకనుకు దాదాపు 40 మెగాబిట్ల సమాచారాన్ని మోసుకొస్తుంది. అందులో అనేక ఛానళ్లు కలిసి ఉంటాయి, వాటిని విడదీయడం ట్యూనర్ తరువాతి భాగాల పని. మీ మొదటి ట్యూనర్ రికార్డింగ్ కోసం ఏ ట్రాన్స్‌పాండర్ మీద ఆగి ఉన్నదో, అందులోని తక్కిన ఛానళ్లన్నీ మీకు వస్తున్నాయి. వేరే ట్రాన్స్‌పాండర్‌కు వెళ్లవలసి వచ్చేసరికి రెండవ ట్యూనర్ కావాలి, దానికి మీరు వైరు ఇవ్వనే లేదు.

ఖర్చు తక్కువైన మార్గాన్ని ముందుగా ప్రయత్నించండి. రిసీవర్ వెనుక ఎల్‌ఎన్‌బీ ఔట్ అనే సాకెట్ ఉంటే (ఎల్‌ఎన్‌బీ అంటే డిష్ ఎదుట బిగించి ఉండి, ఉపగ్రహ సిగ్నల్‌ను అందుకొని వైరులోకి దింపే పరికరం), దాని నుంచి రెండవ ట్యూనర్ ఇన్‌పుట్‌కు జానెడు వైరు కలిపి, మెనూలో రెండవ ట్యూనర్‌ను లూప్ అని మార్చండి. ఇది ఎంతవరకు పనిచేస్తుందో ట్రాన్స్‌పాండర్ల జాబితా చూస్తే తెలుస్తుంది. ప్రతి ఫ్రీక్వెన్సీ పక్కనా 'వి' గాని 'హెచ్' గాని ఉంటుంది. మొదటిది నిలువు తరంగాలకు, రెండవది అడ్డ తరంగాలకు గుర్తు. మీరు చూసే ఛానళ్లన్నిటికీ ఒకే అక్షరం ఉండి, ఫ్రీక్వెన్సీలన్నీ 11700 మెగాహెర్ట్‌జ్‌కు ఒకే వైపున ఉంటే ఆ జానెడు వైరు చాలు.

అలా లేకపోతే చాలదు. యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీకి రిసీవర్ 13 వోల్టులు పంపితే నిలువు తరంగాలనూ, 18 వోల్టులు పంపితే అడ్డ తరంగాలనూ అందుకొంటుంది. 22 కిలోహెర్ట్‌జ్‌ల టోన్ కూడా తోడైతే 11700కు పైనున్న బ్యాండుకు మారుతుంది. ఈ నాలుగు కలయికలలో ఏ క్షణానైనా ఒక తీగ మీద దిగేది ఒక్కటే. కనుక ట్యూనర్లు స్వతంత్రంగా పనిచేయాలంటే రెండు అవుట్‌పుట్‌ల ట్విన్ ఎల్‌ఎన్‌బీ బిగించి, డాబా మీది నుంచి రెండవ వైరును దింపవలసిందే. రిసీవర్ పెట్టె మీద పెద్ద అక్షరాలతో ట్యూనర్ల సంఖ్య వేసేవారు ఈ సంగతిని కూడా వేస్తే బాగుండును. వైర్లు రెండూ వచ్చిన తరువాత మెనూలో లూప్ అన్నదాన్ని తీసివేయడం మరచిపోకండి. ఆ అమరిక అలాగే ఉంటే రెండవ వైరు ఉన్నా లేనట్లే.

ముందుముందు నాలుగు ట్యూనర్ల ఆలోచన ఉంటే ఇప్పుడే నాలుగు అవుట్‌పుట్‌ల క్వాడ్ ఎల్‌ఎన్‌బీ కొనండి, కాని దుకాణంలో పేరు సరిచూసుకోండి. క్వాట్రో అనే మరొక రకానికీ నాలుగు అవుట్‌పుట్‌లే ఉంటాయి గాని, అవి ఒక్కొక్క కలయికకు స్థిరంగా కేటాయించినవి. ఆ నాలుగింటిలో కావలసినదాన్ని ఒక్కొక్క ట్యూనర్‌కు అందించే మల్టీస్విచ్ అనే పెట్టె లేకుండా వాటిని నేరుగా ట్యూనర్లకు కలిపితే ఒక్కొక్క ట్యూనర్‌కు ఒక్క కలయికలోని ఛానళ్లే వస్తాయి. అద్దె ఇల్లు కావడం వల్ల రెండవ వైరు లాగడం కుదరకపోతే ఒకే తీగ మీద అనేక ట్యూనర్లకు సిగ్నల్ పంచే యూనికేబుల్ ఎల్‌ఎన్‌బీలు ఉన్నాయి. మీ రిసీవర్ ఆ పద్ధతిని గుర్తించగలదో లేదో మెనూలో చూసుకొన్న తరువాతనే డబ్బు పెట్టండి.

ప్రశ్న: గాజువాకలో మేము, మా తమ్ముడి కుటుంబం ఒకే డిష్ వాడుకొంటున్నాము. స్ప్లిటర్ పెట్టి రెండు ఇళ్లకు పంచాము. వారు కొన్ని ఛానళ్లు పెట్టగానే మా టీవీలో బొమ్మ పోతున్నది.

జవాబు: తమ్ముడి గారి రిసీవర్ 18 వోల్టులు పంపినప్పుడు మీ 13 వోల్టులు దాని ముందు నిలవవు, ఎల్‌ఎన్‌బీ వారి మాటే వింటుంది. అన్నదమ్ముల మధ్య తగవు రాకుండా ట్విన్ ఎల్‌ఎన్‌బీ పెట్టించి చెరొక వైరు తీసుకోండి. ఈలోగా ఆ స్ప్లిటర్ మీద అచ్చువేసిన అంకెలు కూడా చూడండి. కేబుల్ టీవీ స్ప్లిటర్లు చాలావరకు 1000 మెగాహెర్ట్‌జ్‌ల దగ్గర ఆగిపోతాయి, ఎల్‌ఎన్‌బీ నుంచి దిగే సిగ్నల్ 950 నుంచి 2150 వరకు ఉంటుంది.

ప్రశ్న: పెందుర్తిలో మా ఇంటి మీద ఒక డీటీహెచ్ కంపెనీ డిష్ ఉన్నది, కనెక్షన్ మానేశాము. అది 83 డిగ్రీల ఉపగ్రహానికి పెట్టినదట. దానినే ఫ్రీ డిష్‌కు వాడుకోవచ్చునా? ఆ కంపెనీ ఛానళ్లు కూడా సొంత రిసీవర్‌లో వస్తాయా?

జవాబు: రెండవ దానికి ముందు జవాబు చెబుతాను: రావు. చందా ఛానళ్లు సంకేతబద్ధమై ఉంటాయి, వాటికి ఆ కంపెనీ బాక్సే కావాలి. డిష్‌ను మాత్రం నిశ్చింతగా వాడుకోండి, దిశ మార్చాలి. విశాఖ దాదాపు 83.3 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నందువల్ల 83 డిగ్రీల ఉపగ్రహం మనకు సూటిగా దక్షిణాన, 69 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఫ్రీ డిష్ ఛానళ్లను మోసే జీశాట్-15 ఉన్నది 93.5 డిగ్రీల మీద. అది మనకు దక్షిణం నుంచి తూర్పుకు సుమారు 30 డిగ్రీలు జరిగి, 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. రేఖాంశాలలో పదిన్నర డిగ్రీల తేడాకు డిష్‌ను ముప్ఫై డిగ్రీలు తిప్పడమేమిటని అనుమానించకండి. నడినెత్తికి దగ్గరగా ఉన్న ఉపగ్రహాల విషయంలో అలాగే ఉంటుంది. ఎల్‌ఎన్‌బీ పళ్లెం నడుమ కాక కింది అంచు వైపు ఉండే ఆఫ్‌సెట్ డిష్ కనుక పళ్లెం చూపు 66 డిగ్రీలంత పైకి కనిపించదు, ఇరవై అయిదు డిగ్రీల దాకా తక్కువగా వాలి ఉంటుంది. తిప్పేటప్పుడు స్ట్రెంగ్త్ గీతను పట్టించుకోకుండా క్వాలిటీ గీతనే చూడండి. చివరగా ఎల్‌ఎన్‌బీని పట్టీలో కొద్దికొద్దిగా మెలితిప్పి ఆ గీత ఎక్కడ ఎక్కువైతే అక్కడ బిగించండి.

విశాఖలో ఈ దిశ దాదాపు సముద్రం వైపే కావడం వల్ల తీరం దగ్గరి ఇళ్లకు డిష్ ఎదుట అడ్డు తక్కువ, ఉప్పుగాలి ఎక్కువ. నా ఇంట్లో నెలరోజులపాటు రిసీవర్‌ను అనుమానించి, తీరా డాబా ఎక్కి వైరు చివర మరతో బిగించే ఎఫ్ కనెక్టర్ విప్పితే లోపలి రాగితీగ పచ్చగా చిలుమెక్కి ఉన్నది. అప్పటి నుంచి బయటి కనెక్టర్లన్నిటికీ తమలో తామే అతుక్కుపోయే రబ్బరు టేపు చుట్టి, వైరును ఎల్‌ఎన్‌బీ దగ్గర కిందికి వంచి కట్టి వాన నీరు అక్కడే కారిపోయేటట్లు చేస్తున్నాను. వైరు 75 ఓమ్‌ల ఆర్‌జీ-6, లోపలి తీగ పూర్తి రాగిది తీసుకోండి. రాగి పూత పూసిన ఉక్కు తీగ పొడుగాటి దూరానికి ఎల్‌ఎన్‌బీకి వెళ్లే వోల్టేజిని తగ్గిస్తుంది.