బావికాడ దావత్‌కు పోయే తమ్ముడికి ఏం చెప్పాలి?

నల్లగొండలో బీటెక్ రెండో ఏడు చదివే తమ్ముడు ఊరి బయట బావులకాడ దావత్‌లకు పోతున్నాడు, వద్దంటే వినట్లేదు, ఏం జాగ్రత్తలు చెప్పాలని అడిగారు.

తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మందు అమ్మకూడదు. ఆ మాట ఒకసారి చెప్పి, ఆ తర్వాత లెక్క చెప్పండి. పోరగాళ్లు లెక్కయితే వింటారు.

"బీరే కదా" అనేకాడే బోల్తా పడతారు. స్ట్రాంగ్ బీరులో ఆల్కహాల్ 8 శాతం దాకా ఉంటుంది. 650 మి.లీ. సీసా ఒక్కటి తాగితే 30 మి.లీ. విస్కీ పెగ్గులు నాలుగు తాగినట్టే. క్వార్టర్ అంటే 180 మి.లీ., ఆరు పెగ్గులు. ఒంట్లోంచి గంటకు దిగేది సుమారు ఒక పెగ్గు, కొందరికి అంతకన్నా తక్కువే. మజ్జిగ, నిమ్మరసం, చన్నీళ్ల స్నానం ఏవీ దాన్ని తొందరపెట్టవు. అందుకే రాత్రి 12కు క్వార్టర్ ముగించినవాడు పొద్దున 6కు బండి తీసినా, 100 మి.లీ. రక్తానికి 30 మి.గ్రా. అన్న హద్దు దాటి ఉండొచ్చు. మొదటిసారి దొరికితేనే 10,000 రూపాయల జరిమానా లేదా ఆర్నెల్ల దాకా జైలు, ఒక్కోసారి రెండూ. బండ్ల తాళాలు మూత తీయకముందే తాగనివాడి చేతికి పోవాలి. తాగాక అడిగితే ఎవడూ ఇవ్వడు.

గట్టులేని బావి పక్కన కూర్చోవద్దనండి. ఈతొచ్చినవాళ్లే మత్తులో దూకుతారు. మోటరు స్టార్టర్ డబ్బా తడిచేతులతో ముట్టొద్దు.

మన దిక్కు ఇంకో ప్రమాదం కల్లు. కొన్ని దుకాణాల్లో అందులో ఆల్ప్రజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. వాటి మీద విస్కీ పడితే ఊపిరి మందగిస్తుంది. రెండూ కలపొద్దని గట్టిగా చెప్పండి.

అన్నిటికన్నా చెడ్డ మాట "పడుకుంటే దిగిపోతది". చివరి గ్లాసు రక్తంలోకి ఎక్కడానికి ఇంకో గంట పట్టొచ్చు, అంటే పడుకున్నాక కూడా మత్తు పెరుగుతూనే ఉంటుంది. వెల్లకిలా పడుకుంటే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పక్కకు తిప్పి, పైకాలు మోకాలి దగ్గర వంచి, నోరు కిందికి వాలేలా పెట్టాలి. ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. ఒకడు మేలుకుని ఊపిరి లెక్కపెట్టాలి. నిమిషానికి 8 కన్నా తగ్గినా, ఊపిరికీ ఊపిరికీ మధ్య 10 సెకన్లు దాటినా, పెదాలు నీలిబడినా, గిల్లినా ఉలకకపోయినా వెంటనే 108. ఇంట్లో తెలుస్తుందనో, కేసవుతుందనో ఆగితే ప్రాణం మీదికొస్తుంది.

బావికాడికి అంబులెన్స్ దారి వెతుక్కోవడం కష్టం. మండలం, ఊరు, రోడ్డు మీద గుర్తు పోయేటప్పుడే చూసుకోవాలి. ఫోన్ చేశాక ఒకడు సెల్ లైటుతో రోడ్డు మీద నిలబడాలి. ఏం తాగాడు, ఎప్పుడు తాగాడు, కల్లు గానీ మాత్రలు గానీ పడ్డాయా అన్నది డాక్టరుకు దాచకుండా చెప్పాలి, దాన్ని బట్టే వైద్యం మారుతుంది.