దేవుడికి చెప్తున్నట్టు కొడుకుని తిడితే

ప్రశ్న: రోజూ రాత్రి తొమ్మిదింటికి మా ఇంట్లో కుటుంబ ప్రార్థన. పాట, వాక్యం వరకు బాగానే ఉంటుంది. ఆ తర్వాత మా ఆయన "ప్రభువా, వీడికి ఫోన్ పిచ్చి వదిలించు, పక్కింటి పిల్లాణ్ణి చూసైనా బుద్ధి వచ్చేలా చెయ్యి" అంటూ అరగంట లాగుతారు. మావాడు ఇంటర్ సెకండియర్. ఈమధ్య ప్రార్థన టైముకి తలనొప్పి అంటాడు, లేదంటే మేడ మీదికి పోతాడు. దేవుడికి దూరమైపోతాడేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, మీవాడికి దేవుడితో పేచీ ఉన్నట్టు నాకైతే అనిపించలేదు. మామూలుగా తిడితే వాడూ ఓ మాట అంటాడు, మీరు మధ్యలోకి వస్తారు, గొడవై చల్లారిపోతుంది. కళ్లు మూసుకుని చేతులు కట్టుకుని కూర్చున్నప్పుడు "అది కాదు నాన్నా" అనడానికి కూడా లేదు, అంటే ప్రార్థనకి అడ్డొచ్చినట్టు! ఇలాంటి తండ్రులు మన సంఘాల్లో చాలామందే ఉన్నారు, తల్లులూ తక్కువేం కాదు, కోడలికి వినబడేలా ప్రార్థించే అత్తగార్ల సంగతి ఇంకోసారి.

బైబిల్లో పౌలు ఎఫెసు సంఘానికి రాసిన ఉత్తరం, ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయంలో పిల్లలు తల్లిదండ్రుల మాట వినాలనే మొదటి వచనం అందరికీ నోటికొచ్చు. పిల్లలకు కోపం రేపొద్దని పౌలు తండ్రులకు చెప్పిన నాలుగో వచనం దగ్గరికొచ్చేసరికి పేజీ తిప్పేస్తాం. కొలొస్సయులకు రాసినప్పుడు (3:21) కారణం కూడా చెప్పాడు, వాళ్ల మనసు కుంగిపోతుందని. ఇవి ప్రార్థనలో తీసి మీ ఆయనకి చదివి వినిపించకండి, మీరూ అదే పని చేసినట్టవుతుంది. పిల్లాడు ఇంట్లో లేనప్పుడు, టీ ఇచ్చి, "ఏమండీ, ఫోన్ సంగతి వాడితోనే మాట్లాడండి, ప్రార్థనలో వద్దు" అని సూటిగా చెప్పండి. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలేసి ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడమన్నాడు యేసు (మత్తయి 5:23-24). కొడుకుతో తేలాల్సింది ముందు తేల్చుకుని, తర్వాత పాటల పుస్తకం తెరిస్తే తప్పేముంది? ఇంట్లో కూర్చున్నప్పుడూ దారిలో నడిచేటప్పుడూ పిల్లలతో దేవుడి మాటలు మాట్లాడమని ద్వితీయోపదేశకాండంలోనే ఉంది (6:7), కాబట్టి ఆదివారం బండి మీద ఇద్దరూ టిఫిన్‌కి వెళ్లినా అదీ లెక్కలోకే వస్తుంది.

ప్రార్థన పది నిమిషాలు చాలు. ఎవరి తప్పు వాళ్లే ఒప్పుకోవాలి, ఎదుటివాళ్లది ఎత్తకూడదు, మొదట మీ ఆయనే మొదలుపెడితే మరీ మంచిది. కీర్తన వాణ్ణే ఎంచుకోనివ్వండి, రెండే వచనాలున్నాయని రోజూ 117 తీసినా ఏమనకండి. రాని రోజు ఒకసారి పిలవండి, అంతే, లాక్కురావద్దు.

మీ ఆయన అప్పటికీ వినకపోతే పాస్టర్‌గారితో చెప్పించండి. అదీ ఇంటికి పిలిచి, ఆదివారం ప్రసంగంలో మాత్రం వద్దు.