చెరువులో దిగే ముందు

చిన్నీ,

ప్రాజెక్టు పనికి మన ఊరి చెరువులో నత్తలు ఏరబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పశువుల ఆసుపత్రిలోనే జీవితమంతా గడిపిన మేనమామకి ఇంతకన్నా సంతోషం ఏముంటుంది! కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బూట్లు, గ్లవ్స్, జల్లెడ సంగతి నీకు తెలుసు. ఒక్కదానివే దిగకు. గుర్రపుడెక్క కింద లోతు తెలియదు.

నీక్కావలసిన నత్త పొట్టేలు కొమ్ములా చుట్టుకుని ఉంటుంది, ఇండోప్లానార్బిస్. మన ఎడ్లకి ముక్కు గురక తెచ్చే పురుగు పిల్లలు పెరిగేది దాని ఒంట్లోనే. 1933లో పశువైద్య శాస్త్రవేత్త అనంత నారాయణ రావు గారు వర్ణించిన పురుగు అది. ఎద్దు ముక్కు రక్తనాళాల్లో కాపురం, చీమిడిలో గుడ్లు. ఎద్దు నీళ్లు తాగుతుంటే ఆ చీమిడి చెరువులో పడుతుంది, గుడ్డులోంచి వచ్చిన పురుగు పిల్ల, నత్త ఒంట్లో దూరుతుంది. కొన్ని వారాలకి దాని సంతానం చీలిన తోకలతో గుంపులుగా బయటికొచ్చి పశువు చర్మం కోసం వెతుకుతాయి. మన కాలు దొరికితే అందులోనూ దూరతాయి. మనలో బతకలేక చర్మంలోనే చస్తాయి, దద్దుర్లు అందుకే. గేదెలు గురక పెట్టడం లేదని ధైర్యపడకు. పైకి ఏమీ కనపడకపోయినా వాటిలోనూ పురుగు ఉండొచ్చు.

ఇప్పుడు మీ అమ్మ నీకెప్పుడూ చెప్పని సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నత్తలు ఏరడానికి వెళ్తూ, సెలవుల్లో ఉందని దాన్నీ వెంట తీసుకెళ్లాను. దానికప్పుడు పదేళ్లు. నాకు బూట్లున్నాయి. అది పరికిణీ ఎగదోపుకుని, వట్టి కాళ్లతో, బకెట్ పట్టుకుని మోకాళ్ల లోతులో నిలబడింది. ఎండెక్కాక "అన్నయ్యా, చీమలు కుడుతున్నట్టుంది" అంది. నీళ్లు పడలేదులే అన్నాను. సాయంత్రానికి ఎర్రటి పొక్కులు. వారానికి తగ్గాయి, మళ్లీ తీసుకెళ్లాను. అదీ నా తప్పు. ఒకసారి రుచి చూసిన చర్మం రెండోసారి ఇంకా గట్టిగా తిరగబడుతుందని నాకు తెలియదు. రాత్రంతా గోక్కుంది, చీము పట్టింది, జ్వరం వచ్చింది. నన్ను తిడతారని మా అమ్మకి చెప్పలేదు, పిచ్చితల్లి. మీ అమ్మ ఎడమ చీలమండ మీద నల్లమచ్చ చూశావు కదా, అదే. ఆ తర్వాత గానీ నత్తల్ని గాజు గ్లాసులో వేసి ఎండలో పెట్టలేదు. కాసేపటికి నీళ్లలో సన్నటి నలుసులు గిలగిలా ఈదాయి. ఆ పని ముందే చేసి ఉంటే!

అందుకే నువ్వు మొదట గ్లాసు పరీక్ష చెయ్యి. నలుసులు కనపడకపోయినా బూట్లు లేకుండా మాత్రం దిగకు. ఒడ్డెక్కగానే తువ్వాలుతో గట్టిగా తుడుచుకో, ఒంటి మీద నీళ్లు ఆరనివ్వకు. దురద పెడితే చల్లటి గుడ్డ, కాలమైన్ లోషన్. గోకావంటే ఊరుకోను. చీము కనిపిస్తే అదే రోజు డాక్టరు దగ్గరకి వెళ్లాలి. నాకు కోపం వస్తుందని దాచకు తల్లీ, నీ మీద కోపం నాకెక్కడిది?

బస్సులో పార్సిల్ వేశాను. రెండు జతల బూట్లున్నాయి. పెద్దవి నీకు. చిన్న జత, బకెట్ పట్టుకోవడానికి నీ వెంట వచ్చే పిల్లలకి.

మీ మామయ్య